ఫ్లెక్సీలో ఎడమవైపు మొహం

ముప్పై దాటాక మొటిమలేమిటని శిరీషను చూసి నవ్వినవాళ్లలో అందరికంటే ముందున్నది ఆమె ఆడబిడ్డ స్నేహలత. ఆ నవ్వును శిరీష మరిచిపోలేదు. మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు.

శిరీషది మోస్రా అనే పల్లె. తండ్రి భోజన్న పసుపు, వరి పండించేవాడు. పెళ్లయి నిజామాబాద్ కంఠేశ్వర్‌కు వచ్చింది. భర్త భానుప్రసాద్ బోధన్ రోడ్డులో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు. నెమ్మదస్తుడు. ఏ మాట అడిగినా "అక్కను అడుగుదాం" అంటాడు. ఆ అక్కే స్నేహలత. అదే గల్లీలో పైన ఇల్లు, కింద బ్యూటీ పార్లర్. తమ్ముడి ఇంట్లో ఏ కూర వండాలో కూడా ఆమే చెప్పేది. అత్తగారు అనసూయమ్మ కూతురి మాటకు ఎదురు చెప్పి ఎరగదు.

శిరీష ఒక పెద్ద చీరల దుకాణంలో పట్టు సెక్షన్‌లో పనిచేసేది. పట్టుచీర చూపించడమంటే మడత విప్పి గుట్టగా పొయ్యడం కాదు. కొంగు తన భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడాలి. "నీ మీద గింత మంచిగున్నది, నా మీద ఉంటదా?" అని పెళ్లివాళ్లు అడిగేవారు. ఆ పనంటే ఆమెకు చాలా ఇష్టం.

పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండింది. ఐదో నెలలో పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు శిరీష మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే స్నేహలత తలుపు దగ్గర నిలబడి, "ఏడిస్తె పోయింది మళ్ల వస్తదా? లే, మొఖం కడుక్కో. నీకేమన్న వయసు పోయిందా?" అంది. శిరీష లేచి మొహం కడుక్కుంది. అనసూయమ్మ పసిబిడ్డ కోసం తీసిపెట్టిన మెత్తటి పాత చీరలను మూటగట్టి అటక మీద పడేసింది. భానుప్రసాద్ డ్యూటీకి పోయాడు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. శిరీష కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు దవడ మీద మొదటి గడ్డ లేచింది. చదువుకునే రోజుల్లో వచ్చిపోయిన మొటిమలాంటిది కాదు. చర్మం లోపల రాయిలా గట్టిగా ఉండేది, దిండు తగిలినా సలిపేది. దాని పక్కన ఇంకొకటి, గడ్డం కింద మరికొన్ని. ఊరికే కూర్చుంటే చాలు, చెయ్యి దానంతటదే అక్కడికి పోయేది. గిల్లితే రక్తం వచ్చేది. రక్తంతోపాటు ఒక్క క్షణం హాయి. తర్వాత అద్దంలో చూసుకుంటే ఏడుపు.

దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు చీర కంటే ముందు ఆమె దవడ చూడటం మొదలుపెట్టారు. యజమాని మంచివాడే. మంచిమాటలతోనే ఆమెను పట్టు సెక్షన్ నుంచి తీసి, ఫాల్స్, లైనింగ్ గుడ్డలు అమ్మే మూలకు పంపాడు. "కొద్దిరోజులేనమ్మా, మొఖం మంచిగయ్యేదాక" అన్నాడు. తల్లి నాగవ్వ ఫోన్లో, "పసుపు పండిచ్చే ఇంట్ల పుడితివి, మొఖానికి ఇంత పసుపు రాసుకునే తీరిక లేదా బిడ్డా?" అని బాధపడి, కొట్టించిన పసుపు డబ్బా పంపింది. అదీ రాసుకుంది. మంట తప్ప ఏమీ తగ్గలేదు.

అప్పుడు స్నేహలత పార్లర్‌కు పిలిచింది. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు మొహం మీదికి తిప్పి, ఫోన్లో ఫొటో తీసింది.

"ఫొటో ఎందుకు వదినా?"

"మంచిగైనంక సూసుకుందువు తియ్."

తర్వాత పేరూ ఊరూ లేని చిన్న తెల్ల డబ్బా చేతిలో పెట్టింది. పార్లర్‌లో తాను సొంతంగా కలిపే క్రీము అంది. అది నిజంగానే పనిచేసింది. వారం తిరిగేసరికి గడ్డలు అణిగాయి. మొహం గాజులా మెరిసింది. స్నేహలత మళ్లీ ఫొటో తీసింది. ఆ రోజు శిరీష కళ్లనీళ్లు పెట్టుకుని ఆడబిడ్డ రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత జరిగినవాటన్నిటికంటే, తాను ఆ చేతులు పట్టుకున్న సంగతే ఆమెను ఎక్కువగా కాల్చింది.

కొన్ని నెలలకు క్రీము ఒక్కపూట మానితే మొహం మండటం మొదలైంది. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. ఎండలోకి వస్తే చెంపలు కందిపోయి ఎర్రబడేవి. చర్మం ఉల్లిపొరలా పలచబడి సన్నటి నెత్తురు గీతలు కనబడసాగాయి. వాటి మీద చీముతో కొత్త పొక్కులు. డబ్బా తీసుకుని పార్లర్‌కు పోయింది. లోపల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

స్నేహలత వాళ్లకు వినబడేటట్టే అంది. "అందరికి పడుతున్నది, నీకే పడలేదంటె క్రీము తప్పా? నీ ఒంట్లనే ఏదో ఉన్నది. నీ ఒంట్ల ఏదీ నిలవది శిరీషా."

ఏ మాట అంటోందో అక్కడ కూర్చున్నవాళ్లకు కూడా అర్థమైంది. ఒకామె తల దించుకుంది. శిరీష డబ్బా మూత బిగించి, బ్యాగులో వేసుకుని వచ్చేసింది. ఆ మాట మాత్రం ఆమె గొంతులో ముల్లులా దిగబడిపోయింది.

దుకాణంలో పనిచేసే ఒకామె చెప్తే చర్మం డాక్టరు దగ్గరికి పోయింది. డాక్టర్ వాజిదా నడివయసు మనిషి, తొందరపడి మాట్లాడదు. డబ్బా మూత తీసి వాసన చూసింది. శిరీష చెంపను వేలితో తేలిగ్గా తాకి చూసింది.

"ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉంటది. ఇట్లాంటివి చాలా చూస్తున్న. ముందు మంచిగనిపిస్తది, తర్వాత చర్మాన్ని తినేస్తది. మాన్పిస్తం, కానీ మానితే కొన్నాళ్లు ఇంకా ఎక్కువైతది. భయపడొద్దు." డబ్బా పక్కన పెట్టి అడిగింది. "క్రీము సంగతి సరే. అసలు మొటిమలు ఎప్పుడు మొదలైనయ్? దానికి ముందు ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. బిడ్డ పోయిన నాటి నుంచి కడుపులో ఉగ్గబట్టిన ఏడుపంతా ఆ బల్ల ముందు బయటపడింది. డాక్టరు బయట పేషెంట్లు ఉన్నారని అనలేదు. నీళ్ల గ్లాసు ముందుకు జరిపి కూర్చుంది.

"దుఃఖం ఒక్కదానివల్లనే మొటిమలు వచ్చినయని నేను అనను" అంది తర్వాత. "కడుపు పోయినప్పుడు ఒంట్లో హార్మోన్లు తారుమారైతయ్. దాని మీద నిద్ర లేదు, ఏడుపు మింగుడు, రోజంతా గిల్లుడు. అన్నీ కలిసి మొహం మీదకు వస్తయ్. మొహానికి నేను మందిస్త. మనసుకు కూడా ఒక డాక్టరుంది, పేరు రాసిస్త, పో. అందులో సిగ్గేం లేదు."

శిరీష రెండు చోట్లకూ పోయింది. సబ్బు మానేసింది. పెసరగింజంత మందు రాసుకునేది, ఎండలోకి పోయే ముందు డాక్టరు చెప్పిన లోషన్ రాసుకునేది. పొద్దున కలెక్టర్ గ్రౌండు చుట్టూ నడిచేది. క్రీము మానిన కొత్తలో మొహం నిప్పులకుంపటి అయింది. ఓర్చుకుంది.

అట్లా మందుకోసం పోయిన ఒకరోజు, డాక్టరు గది బయట బెంచీ మీద స్నేహలత కూతురు సంయుక్త కనబడింది. ఇంటర్ చదివే పిల్ల. చున్నీ ముక్కు దాకా కప్పుకుంది. శిరీషను చూసి ఉలిక్కిపడింది.

"అత్తా, నువ్వు గూడ ఈడికేనా? నేను వచ్చిన్నని ఎవ్వరికి చెప్పకు. పార్లర్ పేరు పోతదని అమ్మ ఎవ్వరికి చెప్పొద్దన్నది."

"మీ అమ్మ క్రీము ఉండంగ ఈడికెందుకొస్తున్నవ్ బిడ్డా?"

"వామ్మో, ఒక్కసారి ఆ డబ్బ ముట్టుకుంటెనే చెయ్యి మీద కొట్టింది. 'గది నీకు కాదే, బయటోళ్లకు' అన్నది."

పిల్ల మామూలుగానే చెప్పింది. అప్పటిదాకా స్నేహలత తెలియక ఇచ్చిందేమో అన్న చిన్న అనుమానం శిరీషలో మిగిలి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. తెలిసే ఇచ్చింది. తాను ఆ ఇంటికి కోడలై ఇన్నేళ్లయినా బయటమనిషే.

ఆ వారమే కంఠేశ్వర్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. ఆటో దిగుతూ తలెత్తి చూసిన శిరీషకు తన మొహమే కనబడింది. ఎడమవైపు గడ్డలతో, రక్తపు మచ్చలతో. కుడివైపు మెరుస్తూ. కళ్ల మీద సన్నటి నల్లగీత. కింద స్నేహలత పార్లర్ పేరు, "ఇప్పుడు మన బోధన్‌లో కూడా" అన్న అక్షరాలు.

మరునాడు ఫాల్స్ కొనడానికి వచ్చిన ఒకామె ఆమె వంకే చూసి, "గా ఫ్లెక్సీల ఉన్నది నువ్వే గదా?" అంది.

భర్తను అడిగింది. "నా మొఖం చౌరస్తాల కట్టింది మీ అక్క. సూసినవా?"

"కండ్ల మీద గీత పెట్టిచ్చింది గదా. ఎవరు గుర్తువడతరు?"

"నువ్వు గుర్తువట్టలేదా?"

భానుప్రసాద్ "పట్టిన" అన్నాడు. "అక్కనే గదా, ఊకో. బోధన్‌ల ఓపెనింగ్ అయినంక తీయిస్తది."

అప్పటినుంచి శిరీష పగతోనే తిన్నది, పగతోనే నడిచింది. ఫ్లెక్సీని కొడవలితో చీల్చాలనుకుంది. పార్లర్ అద్దాలు పగలగొట్టాలనుకుంది. కూరగాయలు తరుగుతూ స్నేహలత మొహం అట్లాగే గడ్డలు కట్టినట్టు ఊహించుకునేది. ఆ ఊహలో ఉండగా వేళ్లు మళ్లీ దవడ మీదికి పోయేవి. తగ్గుతున్న మొహం మళ్లీ లేచింది.

డాక్టర్ వాజిదా చూసి, "మళ్లా గిల్లుతున్నవ్. ఎవరి మీద?" అంది.

శిరీష అంతా చెప్పింది.

"కోపం రావడం తప్పు కాదు. నాక్కూడా వస్తున్నది. కానీ ఆమె మీద కోపంతో నీ మొహమే గీరుకుంటున్నవ్. ఇది ఆమెకు ఇంకా లాభమే కదా. ఎవరి మీద కోపమో వాళ్ల ముందట మాట్లాడు. ఆ డబ్బా కూడా నాకియ్యి, డ్రగ్ కంట్రోల్ ఆఫీసువాళ్లకు కంప్లయింట్ రాద్దాం."

"ఇస్త మేడం. కొన్నిదినాలు ఆగండ్రి. దాంతోని నాకో పనున్నది" అంది శిరీష.

ఆఫీసులో కాగితం కదిలి ఎప్పటికో వచ్చే న్యాయం ఆమెకు చాలలేదు. స్నేహలత తనను నలుగురి ముందు అంది. ఆ నలుగురి లాంటివాళ్ల ముందే కావాలి. మనసు కుదుటపడ్డాక చేతులు కూడా ఆగాయి. ఎప్పుడు, ఎక్కడ అన్నది తేలినప్పటినుంచి ఆమె దవడ ముట్టుకోలేదు.

బోధన్ ఓపెనింగ్ రోజు శిరీష మంచి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. మొహానికి డాక్టరు మందు తప్ప ఏమీ రాయలేదు. పౌడరు కూడా లేదు. ఎర్రటి మచ్చలు, ఆరుతున్న పొక్కులు, ఉన్నది ఉన్నట్టు. బస్సులో భానుప్రసాద్ రెండుసార్లు ఆమెవైపు చూశాడు. ఎడపల్లి దాటాక చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి నెమ్మదిగా పోతున్నాయి.

పార్లర్ బస్టాండుకు దగ్గర్లోనే. గుమ్మం మీద అదే ఫ్లెక్సీ, ఇంకా పెద్దది. షామియానా కింద కుర్చీల్లో ఆడవాళ్లు నిండుగా కూర్చున్నారు. రుద్రూర్, వర్ని దిక్కునుంచి కూడా వచ్చారు. మహారాష్ట్ర సరిహద్దు పల్లెలవాళ్లు కొందరు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. పళ్లెంలో కుంకుమ, పక్కన తెల్ల డబ్బాల కుప్ప. వచ్చినవాళ్లకు బొట్టు పెట్టి, తలా ఒక డబ్బా ఇస్తున్నారు.

స్నేహలత ఆమెను చూడగానే మొహం మాడ్చుకుంది. దగ్గరికి వచ్చి నవ్వు మొహంతోనే, గొంతు తగ్గించి, "గా మొఖమేసుకొని గిట్లనే వస్తివా? లోపలికి పోయి కూసో, బయటికి రాకు" అంది.

"వస్తున్న వదినా" అని శిరీష గుమ్మం దగ్గరికి నడిచింది. లోపలికి పోలేదు. ఫ్లెక్సీలో తన ఎడమవైపు మొహం ఎక్కడుందో సరిగ్గా దాని కింద, జనం వైపు తిరిగి నిలబడింది.

ముందు వరుసలో ఒకరిద్దరు పైకి చూశారు, కిందికి చూశారు. మళ్లీ పైకి చూశారు. మాటలు ఒక్కొక్క వరుసే ఆగిపోతూ పోయాయి.

"గా ఎడమదిక్కు ఉన్నది నేనే" అంది శిరీష. "కుడిదిక్కు ఉన్నది గూడ నేనే. అవద్ధం లేదు, కొన్ని దినాలు గట్లనే ఉంటి. దాని తర్వాత ఏమైందో ఫ్లెక్సీల వెయ్యలేదు. అందుకే నేను తెచ్చిన. మంచిగ సూడుండ్రి."

స్నేహలత గబగబా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. జనం వైపు జాలిగా నవ్వింది. "మా మరదలమ్మా. కడుపు పోయినకాన్నుంచి పాపం మనసు బాగుంటలేదు. ఏమనుకోకుండ్రి."

శిరీష ఈ మాట వస్తుందని అనుకునే వచ్చింది. అయినా లోపల ఏదో తెగింది. భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది. బ్యాగులోంచి తన పాత డబ్బా తియ్యబోయి, మానుకుని, పళ్లెం పక్కనున్న కొత్త డబ్బా ఒకటి తీసి మూత విప్పింది. వేలితో ఇంత క్రీము తీసుకుంది.

"నాకు పిచ్చే అనుకుందాం. క్రీము మంచిదే గదా వదినా? అయితె మొదటిబోణి మన ఇంటి పిల్లకే చేద్దాం. రా సంయుక్తా."

సంయుక్త ముందు వరుస కుర్చీ పక్కనే నిలబడి ఉంది. శిరీష ఆ పిల్ల గడ్డం పట్టుకుని వేలు చెంప మీదికి తీసుకుపోయింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి తల్లివైపు చూసింది.

"వద్దు! ముట్టకు నా బిడ్డను!"

స్నేహలత కేక షామియానా చివరిదాకా వినబడింది. శిరీష చేతి మీద ఒక్కటి కొట్టింది. డబ్బా ఎగిరి కిందపడింది. కూతురిని వెనక్కి లాక్కుని, ఆమె చెంప తడిమి చూసింది, అంటిందేమోనని. ఆ తర్వాతగానీ అందరూ తననే చూస్తున్నారని ఆమెకు తెలియలేదు.

మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన రుక్మాబాయి అనే పెద్దావిడ మొదట లేచింది. "అగ్గబాయి! నీ బిడ్డకు పనికిరాంది మా పిల్లలకిస్తున్నవా?" అంటూ వచ్చి తన డబ్బా పళ్లెంలో పడేసింది. కుంకుమ చింది బల్ల మీద పరిచిన తెల్లబట్టపై పడింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు, మరాఠీలో తిట్లు, తెలుగులో తిట్లు. ఒకామె శిరీష చెంప చూపిస్తూ, "మా చెల్లెకు గిట్లనే అయ్యింది, నిజామాబాద్‌ల గీమె దగ్గర్నే కొన్నది" అని అరిచింది.

స్నేహలత మొహంలో రంగు లేదు. పౌడరు మీద చెమట కాలువలు కట్టింది. శిరీష దాన్ని తనివితీరా చూసింది. తొందరపడలేదు.

"నా ఒంట్ల ఏదీ నిలవదంటిరి వదినా" అంది. "గా మాట నిలిచింది. గింతకాలం నిలిచింది."

తిరుగు బస్సులో భానుప్రసాద్ అడిగాడు. "గింతమందిల అవసరమా శిరీషా?"

"నా మొఖం చౌరస్తాల కట్టినప్పుడు మీ అక్కను అడిగినవా గీ మాట?"

అతను టిక్కెట్టు ముక్కను మడత పెడుతూ కూర్చున్నాడు.

"ఇంకొకటి అడుగుత. మన బిడ్డ పోయినంక నువ్వు ఒక్కసారన్న ఏడ్చినవా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. "ఏడ్చిన" అన్నాడు. "షోరూంల. ట్రాక్టర్ల ఎనకకు పోయి." కిటికీ ఊచ పట్టుకుని, "ఇంట్ల ఏడిస్తె నువ్వు ఇంకా ఏడుస్తవని అక్క వద్దన్నది" అన్నాడు.

శిరీష ఆ మాటకూ కోపం తెచ్చుకోబోయింది. రాలేదు. బస్సులో అంతమంది మధ్య మొగుడి భుజాలు కదిలిపోతుంటే అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

డబ్బా డాక్టర్ వాజిదాకు చేరింది. కంప్లయింట్ పోయింది, అధికారులు వచ్చారు, పార్లర్‌లో ఉన్న డబ్బాలన్నీ పట్టుకుపోయారు. బోధన్ షట్టర్ మళ్లీ తెరుచుకోలేదు. కంఠేశ్వర్‌లో స్నేహలత ఇప్పుడు కనుబొమ్మలు తీర్చడం వరకే చేస్తోంది. అనసూయమ్మ కోడలితో చాలాకాలం మాట్లాడలేదు. శిరీష, భానుప్రసాద్ వేరే గల్లీలో కిరాయికి ఇల్లు తీసుకున్నారు.

పగ తీరినంత మాత్రాన మొహం బాగుపడలేదు. డాక్టరు ముందే చెప్పింది, అది నెలల పని అని. మందులు, నిద్ర, నడక, మనసు డాక్టరు దగ్గర కూర్చుని బిడ్డ గురించి మాట్లాడటం, ఇవన్నీ కలిసి నెమ్మదిగా తగ్గించాయి. దవడ మీద గుంటలు, మచ్చలు ఉండిపోయాయి. పని ఎక్కువై నిద్ర తప్పినప్పుడు ఇప్పటికీ ఒకటో రెండో లేస్తాయి. వాటిని గిల్లదు. యజమాని దగ్గరికి పోయి, "నన్ను మళ్ల పట్టు సెక్షన్‌ల వెయ్యండ్రి, మచ్చలు పోయేదాక ఆగ" అంది. ఆయన కాదనలేదు.

ఒక పెళ్లిలో స్నేహలత పక్కకు వచ్చి కూర్చుని, "అయిందేదో అయింది, ఇంక మనసుల పెట్టుకోకు" అంది. శిరీష విస్తరి ముందునుంచి లేచి, వేరే వరుసలో కూర్చుని తిన్నది.

సంయుక్త మాత్రం దుకాణానికి వచ్చింది. కాలేజీ ఫంక్షన్‌కు చీర కావాలంది. మొహం శుభ్రంగా ఉంది. శిరీష చీరలు తీసి చూపిస్తుంటే ఆ పిల్ల చీరల వంక చూడలేదు.

"అత్తా, నిజం చెప్పు. గా రోజు అమ్మ ఆపకపోతె నా మొఖానికి రాస్తుంటివా?"

శిరీష చేతిలో సగం విప్పిన చీర అట్లాగే ఉంది. చాలా తేలికైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెల్వది బిడ్డా. రాయకపోతుంటి అని నీకు ఒట్టేసి చెప్పలేను."

సంయుక్త తల ఊపింది. కోపం వచ్చిందో లేదో తెలియలేదు. "అమ్మను మాఫ్ చెయ్యమని నేను చెప్ప" అంది. "చెయ్యొద్దని గూడ చెప్ప." తర్వాత వంగి, అడుగున ఉన్న నీలంరంగు చీర లాగి, "గిది ఒక్కసారి నీ మీద వేసి చూపియ్యి" అంది.

శిరీష కొంగు భుజం మీద వేసుకుని అద్దం వైపు తిరిగింది.